మన బిందెలో నీళ్లు ఏ కొండవి?

గనుల వార్తలు పేపర్లో వ్యాపారం పేజీలో వస్తాయి. ఎన్ని లక్షల టన్నులు తవ్వుతారు, ఎన్ని కోట్లు పెడతారు, ఎంతమందికి ఉద్యోగాలొస్తాయి అని వివరంగా రాస్తారు. ఆ కొండ మీంచి దిగే గెడ్డ సంగతి, ఆ గెడ్డలో కడవ ముంచుకునే ఆడమనిషి సంగతి ఆ వార్తలో ఏ మూలనో ఒక వాక్యం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకే ఈ విషయం మన పేజీలో మాట్లాడుకుందామనిపించింది. నీళ్ల సంగతి ఆడవాళ్ల సంగతి కాకుండా ఎప్పుడుంది గనక!

అరకు అనగానే మనకు బొర్రా గుహలు, సొరంగాల్లోంచి దూసుకుపోయే రైలు, బొంగులో చికెను, థింసా నాట్యం గుర్తొస్తాయి. పిల్లల సెలవుల్లో వెళ్తాం, ఫొటోలు తీసుకుంటాం, కాఫీ పొడి, మిరియాలు కొనుక్కుని వచ్చేస్తాం. దారి పొడుగునా కొండ మీంచి సన్నని వెండి తీగల్లా జారే నీళ్లు చూసి 'ఎంత బాగుందో' అనుకుంటాం. వాన వెలిసి నెలలు గడిచినా ఆ నీళ్లు అలా ఎలా వస్తున్నాయి, వచ్చి ఎక్కడికి పోతున్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే మాత్రం ఆ సమాధానం తిన్నగా మన వంటింట్లోకే వస్తుంది.

కొండే ఒక చెరువు

విశాఖ మన్యంలో, దాన్ని ఆనుకునే ఉన్న ఒడిశా కోరాపుట్ జిల్లాలో పెద్ద కొండల నెత్తిమీద బాక్సైట్ ఉంది. అల్యూమినియం తీసేది ఈ రాతిలోంచే. దాని కింద ఉండే రాయిని భూగర్భశాస్త్రంలో 'ఖోండలైట్' అంటారు. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. రాయికి పేరిచ్చిన మనుషులు ఆ రాయి గురించి జరిగే చర్చలో మాత్రం చివరి వరసలో కూచోవలసి రావడం విచిత్రం.

ఈ బాక్సైట్ పొర గుల్లగా, సందులు సందులుగా ఉంటుంది. నాలుగు నెలల వానని లోపలికి పీల్చుకుంటుంది. కింద గట్టిరాయి ఉండటంతో ఆ నీళ్లు ఏడాది పొడుగునా కొండ పక్కల నుంచి ఊటలుగా కొంచెం కొంచెం బయటికొస్తాయి. మన ఇళ్లల్లో వేసవిలో కుండ చుట్టూ తడిగుడ్డ కడతామే, ఆ గుడ్డ నీళ్లు పట్టి ఉంచినట్టు కొండ నెత్తి నీళ్లు పట్టి ఉంచుతుంది. ఊటలు కలిసి గెడ్డలవుతాయి. గెడ్డలు కలిసి నదులవుతాయి.

ఇక ఆ నదులేవో చూడండి. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, తాటిపూడి జలాశయంలోకి వస్తుంది. అక్కణ్ణించి విశాఖపట్నానికి తాగునీరు పోతుంది. శారదా నది కూడా ఆ కొండల్లోదే. దాని మీద రైవాడ జలాశయం ఉంది. అక్కణ్ణించీ విశాఖకు నీళ్లు వస్తాయి, కింద ఆయకట్టు రైతులకూ పోతాయి. మాచ్‌ఖండ్ ఆ కొండల నీళ్లతోనే బయల్దేరి, సీలేరై, శబరిలో కలిసి, చివరికి గోదావరి అవుతుంది.

అంటే సీతమ్మధారలోనో గాజువాకలోనో పొద్దున్నే కుళాయి తిప్పిన ఇల్లాలి బిందెలో అనంతగిరి ఊట ఉండొచ్చు. ఆ ఊట దగ్గర ఆవేళే మరో ఇల్లాలు కడవ ముంచి ఉంటుంది. మనం ఆ గెడ్డకి తోక దగ్గర ఉన్నాం, వాళ్లు తల దగ్గర ఉన్నారు. గెడ్డ మాత్రం ఒక్కటే.

రాళ్లే కనపడకపోతే పీతలెక్కడ?

ఏజెన్సీలో ఒక రాతి క్వారీకి దిగువనున్న పల్లెకి ఓసారి వెళ్లాను. ఊరి పేరు, క్వారీ పేరు ఇక్కడ అనవసరం. గెడ్డ ఒడ్డున అంట్లు తోముకుంటున్న పెద్దావిడని 'నీళ్లెలా ఉంటాయమ్మా' అని అడిగాను.

"వానొస్తే టీ నీళ్లలాగొస్తాదమ్మా. బట్ట కట్టి వడకడతాం. తెల్లారి చూస్తే కడవడుగున వేలెడు బురద" అంది.

"చేపలూ పీతలూ పట్టుకుంటారా?"

"ముందైతే పట్టేవోళ్లం. పిల్లలు రాయెత్తితే పీతుండేది. ఇప్పుడు రాళ్లే కనపడవు, పీతలెక్కడుంటాయమ్మా?"

నీటి శాస్త్రం చదివినవాళ్లు చెప్పేది కూడా సరిగ్గా ఇదే. గెడ్డలో ప్రాణమంతా అడుగున రాళ్ల సందుల్లో ఉంటుంది. చేప గుడ్లు అక్కడే అతుక్కుంటాయి. పీతలు, నత్తలు అక్కడే దాక్కుంటాయి. నీటి పురుగుల పిల్లలు రాళ్ల కిందే పెరుగుతాయి. మనం చిన్నప్పుడు తోకకి దారం కట్టి ఆడుకున్న తూనీగ ఉందే, దాని బాల్యమంతా నీళ్లలోనే గడుస్తుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ దోమపిల్లల్ని తిని బతుకుతుంది. ఆ పురుగుల్ని చిన్నచేప తింటుంది, చిన్నచేపని పెద్దచేప, కొంగ, మనిషి తింటారు.

పైన కొండ తవ్వితే, చెట్లు కొట్టి లారీల దారి వేస్తే, మొదటి వానకే వదులు మట్టి గెడ్డలోకి దిగుతుంది. మెత్తటి మట్టి రాళ్ల సందులన్నీ పూడ్చేస్తుంది. గుడ్లకి గాలి ఆడదు. చేప మొప్పల్లో మట్టి పేరుకుంటుంది. నీళ్లు మసకబారితే వెలుతురు లోపలికి పోదు, పాచి పెరగదు, పాచి తిని బతికేవి బతకవు. ఎవరూ విషం కలపనక్కర్లేదు. ఉత్త మట్టి చాలు, గెడ్డ మూగబోవడానికి.

దీన్ని మనం 'చేపలు పోయాయట పాపం' అనుకుని ఊరుకుంటే తప్పు. మన్యంలో పప్పు, పాలు, గుడ్లు రోజూ కొనుక్కుని తినే ఇళ్లు ఎన్ని? వరి మళ్లల్లో, గెడ్డల్లో దొరికే చిన్న చేపలు, పీతలు, నత్తలే అక్కడి బాలింతలకీ పిల్లలకీ డబ్బు పెట్టకుండా దొరికే బలమైన తిండి. అది పోయిందని ఏ లెక్కల పుస్తకంలోనూ రాయరు. ఆ తిండి అంగట్లో కొన్నది కాదు గనక, పోయినప్పుడు నష్టపరిహారం ఇచ్చేవాడూ ఉండడు. అంగన్‌వాడీ కేంద్రంలో తూకం వేసినప్పుడు బిడ్డ బరువులో మాత్రం తెలుస్తుంది.

బొగ్గు నీళ్లకి చేసేది

గని అన్నాక అన్నీ ఒకటి కావు. బొగ్గు గని నీళ్లకి చేసే కీడు ఇంకో రకం. బొగ్గుతో పాటు గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. భూమిలో ఉన్నంతకాలం దానివల్ల ఏ గొడవా లేదు. తవ్వి బయటపెడితే గాలీ నీరూ తగిలి గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాళ్లలోని ఇనుముని, అల్యూమినియాన్ని, మిగతా లోహాల్ని కరిగించి గెడ్డలోకి తెస్తుంది. చింతపండు పులుసు రాగి చెంబుని తోమినట్టు ఆ నీళ్లు రాతిని తోమేస్తాయి. కరిగిన అల్యూమినియం చేప మొప్పలకి పట్టుకుంటే చేప ఊపిరాడక చస్తుంది.

దీనికి మన దేశంలో పెద్ద ఉదాహరణ మేఘాలయలోని జయంతియా కొండలు. అక్కడ 'ఎలుక కన్నం' గనులని, మనిషి పాకుతూ దూరే సొరంగాలు తవ్వి బొగ్గు తీశారు. ఆ నీళ్లు చేరిన లూఖా నది చలికాలంలో నీలంగా మారిపోవడం, 2007లో చేపలు గుట్టలుగా చచ్చి తేలడం దేశమంతా చూసింది. దిగువన కోపిలి జలవిద్యుత్ కేంద్రంలో ఇనుప యంత్రాలనే ఆ పులుపు నీళ్లు తినేశాయి. ఇనుమునే తిన్న నీళ్లు చేపని వదులుతాయా? జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో ఆ గనుల్ని ఆపమంది. తవ్వకాలు చాటుమాటుగా సాగుతూనే ఉన్నాయని, 2018 డిసెంబర్లో ఓ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి కూలీలు లోపలే చిక్కుకుపోయినప్పుడు అందరికీ తెలిసింది.

మన తెలుగువాళ్లకి బొగ్గంటే సింగరేణి. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. అక్కడి బొగ్గులో గంధకం తక్కువ, అంచేత జయంతియాలో జరిగినట్టు నీళ్లు పులిసిపోయే ప్రమాదం అంతగా లేదు. అక్కడి ఇబ్బంది వేరు. గని పొడిగా ఉండాలంటే లోపల ఊరే నీళ్లని రాత్రింబవళ్లు తోడి బయటపోయాలి. గని లోతు పెరిగేకొద్దీ చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం కిందికి పోతుంది. ఓపెన్‌కాస్ట్ వచ్చాక మట్టి గుట్టలు ఊళ్లంత ఎత్తు లేచాయి. వానకి వాటి మీంచి దిగే నీళ్లు వాగుల్లో చేరతాయి. సింగరేణి వెలుగే మన ఇళ్లల్లో దీపం, కాదనను. ఆ దీపం కింద నీడ ఏ బావి మీద పడుతోందో చూడమనే నా మనవి.

అరకు రైలు మోసే ఎర్రమట్టి

మనం ముచ్చటపడి ఎక్కే అరకు రైలు మార్గం అసలు మన విహారయాత్రల కోసం వేసింది కాదు. 1960ల్లో జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికి, బస్తర్‌లోని బైలదిలా కొండల నుంచి విశాఖ రేవు దాకా వేసిన దారి అది. మనం కిటికీ దగ్గర చోటు కోసం పేచీ పడుతుంటే పక్క పట్టాల మీద ఎర్రటి ఖనిజంతో గూడ్సు బళ్లు పోతూనే ఉంటాయి.

ఆ ఖనిజం బయల్దేరిన చోట శంఖినీ, డంకినీ అని రెండు నదులున్నాయి. రెండూ దంతేవాడలో దంతేశ్వరీ అమ్మవారి గుడి దగ్గర కలుస్తాయి. ఖనిజం కడిగిన పొడి మట్టి చేరి శంఖిని దశాబ్దాల పాటు ఎర్రగా పారిందని అక్కడివాళ్లంతా చెప్పే మాట, పత్రికలూ పరిశోధకులూ రాసిన మాట. తాగడానికి పనికిరాలేదు, పశువులకి పనికిరాలేదు, పొలాల్లో పొరలా పేరుకుంది. అమ్మవారి పాదాల దగ్గర పారే నీళ్లకే ఆ గతి పట్టిందంటే, పేరులేని గెడ్డల మాట చెప్పాలా?

అరకు వాళ్లకి ఇదంతా ఎక్కడో జరిగిన కథ కాదు. ఆ రైలు వాళ్ల ఊళ్ల మధ్యనుంచే పోతుంది. ఒడిశా దామన్‌జోడిలో బాక్సైట్ తవ్వకం, శుద్ధి కర్మాగారం 1980ల నుంచీ నడుస్తున్నాయి. ఇటు వాళ్ల చుట్టాలు అటు ఉన్నారు. ఏం వచ్చిందో ఏం పోయిందో పెళ్లిళ్లలో, సంతల్లో చెప్పుకుంటూనే ఉంటారు.

వంటింటి లెక్క

"అల్యూమినియం లేకుండా బతుకుతామా? నీ కుక్కరేంటి, నీ తలుపు చట్రమేంటి?" అని మా ఇంట్లోనే నన్ను నిలదీస్తారు. నిలదీయాల్సిందే. లెక్క చూద్దాం.

ఒక కిలో అల్యూమినియం గిన్నె కావాలంటే సుమారు నాలుగైదు కిలోల బాక్సైట్ తవ్వాలి. దాన్ని కాస్టిక్ సోడాతో ఉడికించి తెల్లని అల్యూమినా తీస్తారు. మిగిలేది ఎర్రబురద. మన కిలో గిన్నె వాటాకి రెండు మూడు కిలోలు వస్తుంది. అల్యూమినాని లోహంగా మార్చడానికి పధ్నాలుగు యూనిట్ల వరకూ కరెంటు కావాలి. అంటే మామూలు మధ్యతరగతి ఇంట్లో మూడు రోజుల వాడకం. మన దేశంలో ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే. ఆ లెక్కన పది కిలోల దాకా బొగ్గు కాలుతుంది. ఒక్క గిన్నె వెనక రెండు కొండలున్నాయన్నమాట, ఒకటి బాక్సైట్‌ది, ఒకటి బొగ్గుది. రెండు గెడ్డలు కూడా.

ఆ ఎర్రబురద సామాన్యమైంది కాదు. చాలా ఘాటైన క్షారం. దాన్ని పెద్ద పెద్ద చెరువులు కట్టి నిలవ చేస్తారు. హంగరీ దేశంలో అయ్‌కా అనే ఊరి దగ్గర 2010 అక్టోబర్ 4న అలాంటి చెరువు గట్టు తెగింది. పదిమంది చనిపోయారు. బురద మార్ట్సాల్ నదిలోకి చేరి అందులో ప్రాణమన్నది మిగల్చలేదు. అది సమతల దేశం, డబ్బున్న ఐరోపా. మన ఘాట్ల దిగువన, తుఫాను వానలు పడే చోట, అలాంటి చెరువు కడతామన్నప్పుడు గట్టు ఎంత గట్టిదో అడిగే హక్కు దిగువ ఊళ్లవాళ్లందరికీ ఉంది.

ఈ లెక్కలో ఇంకో అంకె ఉంది, అది మన చేతిలోది. పాత అల్యూమినియం కరిగించి మళ్లీ వాడితే కొత్తదానికయ్యే కరెంటులో ఇరవయ్యో వంతు చాలు. బాక్సైట్ అక్కర్లేదు, ఎర్రబురద రాదు. సొట్టలు పోయిన గిన్నెలు, పాత కుక్కర్లు పాతసామాన్ల వాడికి వేయడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. దాన్ని పిసినారితనమని నవ్వేవాళ్లకి ఈ లెక్క చెప్పండి. ఒకసారి రొట్టె చుట్టి పారేసే రేకు కాయితం మాత్రం చెత్తలోకి పోతుంది, తిరిగి రాదు. టిఫిన్ డబ్బా ఉండగా ఆ రేకు ఎందుకు?

కాదన్న గొంతులు

విశాఖ మన్యం కొండలు ఇంకా నెత్తి మీద టోపీతో నిలబడి ఉన్నాయంటే అది ఊరికే జరగలేదు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల, నిమ్మలపాడు వంటి చోట్ల గిరిజనుల భూముల్లో బయటి కంపెనీలకి గనుల లీజులిచ్చారని 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ లీజుకివ్వడం చెల్లదని, ప్రభుత్వ సంస్థలే తవ్వినా లాభంలో కనీసం ఐదో వంతు ఆ ప్రాంతం బాగుకి పెట్టాలని చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాట అది. ఆ రెండు ఓట్ల మీద ఎన్ని ఊటలు నిలబడ్డాయో!

ఆ తర్వాత దారి మార్చారు. ప్రభుత్వ సంస్థ తవ్వి ప్రైవేటు కర్మాగారాలకి అమ్మేటట్టు 2005 తర్వాత ఒప్పందాలు చేసుకున్నారు. మాకవరపాలెం దగ్గర కర్మాగారం కట్టారు కూడా. 2015 నవంబర్లో చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిలో తవ్వకానికి జీవో 97 వచ్చింది. మన్యమంతా భగ్గుమంది, జీవోని పక్కన పెట్టారు. 2019లో ప్రభుత్వం మారాక రద్దు చేశారు. 2021లో నాతవరం మండలంలో లేటరైట్ పేరుతో జరిగిన తవ్వకాల మీద గొడవ లేచి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేర్లు మారతాయి, జీవో నంబర్లు మారతాయి. కొండ అదే, గెడ్డ అదే.

సరిహద్దుకి ఆవల నియమగిరి కథ అందరికీ తెలిసిందే. అక్కడి డోంగ్రియా కోంధులు ఆ కొండని దేవుడిలా కొలుస్తారు. తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడే పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. అడవిలో పుట్టి అడవిలో పెరిగిన ఆడవాళ్లు జడ్జిగారి ఎదుట నిలబడి మా కొండ మాకు కావాలన్నారు. మన పట్నాల్లో అపార్ట్‌మెంటు సంఘం మీటింగులో నోరు విప్పని చదువుకున్నవాళ్లం ఎందరం లేము?

మరి ఉద్యోగాల మాటో?

ఇక్కడ గనులొద్దు అని ఒక్క మాటతో చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. మన్యం పిల్లలు చదువుకుంటున్నారు, వాళ్లకి పని కావాలి. దారులు కావాలి, ఆసుపత్రి కావాలి. గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం. 'కొండని అలాగే ఉంచండి, మేం చూసి ఆనందిస్తాం' అనడం పట్నం స్వార్థమే అవుతుంది.

అయితే ఉద్యోగమెవరికో కూడా చూడాలి. ఈ రోజుల్లో గనుల్లో పని యంత్రాలది. యంత్రం నడిపేవాడు, లెక్కలు రాసేవాడు, లారీ తోలేవాడు ఎక్కువగా మగవాడు, ఎక్కువగా బయటివాడు. ఆడవాళ్ల వాటాకి వచ్చేది రాయి కొట్టడం, దుమ్ము పీల్చడం. అది కూడా గని ఉన్నన్నాళ్లే. గని ముప్పై నలభై ఏళ్ల సంసారం. ఊట అలా కాదు, తరాలుగా సాగుతున్నది. ఊట ఎండాక ప్రతి పొద్దూ ఇంకో మైలు నడిచేది ఆవిడే. కొండ దిగి నీళ్లు మోసే ఆ కూలీ ఏ కంపెనీ జీతాల పట్టీలోనూ ఉండదు.

గనుల్నే అని ఊరుకోవడమూ న్యాయం కాదు. మనం గర్వంగా చెప్పుకునే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ పండు తొక్క తీసి కడిగిన నీళ్లు గెడ్డలో వదిలితే అవీ పులుస్తాయి, నీళ్లలోని ప్రాణవాయువుని తాగేస్తాయి, చేపలు చస్తాయి. తొక్కని గుంటలో వేసి ఎరువు చేస్తే ఆ బాధ లేదు. ఇక చాపరాయి రాళ్ల మీద, కటికి జలపాతం దగ్గర షాంపూ పెట్టి తలంట్లు పోసుకుని ప్లేట్లు, సీసాలు వదిలొచ్చేది మనలాంటివాళ్లే. దిగువన ఆ నీళ్లే ఎవరో తాగుతారని పిల్లలకి చెప్పడానికి చట్టం అక్కర్లేదు.

అడగవలసినవి

ఏ కొండ మీదైనా గని పెడతామంటే నాలుగు ప్రశ్నలకి ముందు జవాబు కావాలి. ఆ కొండ ఊటలెన్ని, అవి ఏ ఊళ్లకి పోతున్నాయి? ఎండాకాలంలో ఎన్ని నీళ్లొస్తాయి, వానాకాలంలో నీళ్లు ఏ రంగులో ఉంటాయి అని తవ్వకముందే ఎవరు కొలిచారు? తవ్వాక ఊట ఎండితే ఆ నీళ్లు ఎవరు, ఎన్నేళ్లు తెచ్చిపోస్తారు? ఈ మాటలన్నీ ఆ ఊరి ఆడవాళ్లకి వాళ్ల భాషలో, కువిలో, ఆదివాసీ ఒడియాలో ఎవరు చెప్పారు?

రెండో ప్రశ్న ముఖ్యమని నా అభిప్రాయం. బాక్సైట్ తీశాక నీళ్లు ఎంత తగ్గుతాయన్న దాని మీద వాదనలున్నాయి. తవ్విన చోట మళ్లీ మొక్కలు నాటుతున్నామని కంపెనీలు అంటాయి, నాటుతున్నాయి కూడా. కానీ నీళ్లు పట్టి ఉంచే ఆ గుల్లరాతి పొరని మళ్లీ నాటలేం కదా! ముందు కొలత లేకపోతే తర్వాత 'మీ గెడ్డ ఎప్పుడూ ఇంతే' అంటారు. మనం పాలవాడి దగ్గరే లీటరు కొలిచి పోయించుకుంటాం. కొండ నీళ్లని మాత్రం కొలవకుండా అప్పజెప్పాలా?

కొలవడానికి పెద్ద యంత్రాలే అక్కర్లేదు. గెడ్డలో రాళ్లు ఎత్తి చూసి, వాటి కింద ఏ పురుగులున్నాయో లెక్కపెట్టి నీళ్ల బాగోగులు తేల్చే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. మంచి నీళ్లలోనే బతికే పురుగులు కొన్ని, మురికినీళ్లకి ఓర్చుకునేవి కొన్ని. మొదటివి మాయమైతే గెడ్డకి జబ్బు చేసినట్టే. ఆశ్రమ పాఠశాలల్లో సైన్సు టీచరమ్మలు తలచుకుంటే ఏడాదికి రెండుసార్లు పిల్లల చేత ఈ పని చేయించొచ్చు. ఏ రాయి కింద ఏముంటుందో ఆ పిల్లలకి మనకంటే బాగా తెలుసు. వాళ్లు నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్న లెక్క రేపు గ్రామసభలో సాక్ష్యమవుతుంది.

పెసా చట్టం 1996లో వచ్చింది. గ్రామసభ అంటే ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ అని దాని అర్థం. కానీ కాయితం మీద సంతకాలు చాలాచోట్ల మగవాళ్లవే. నీళ్లు మోసేవాళ్ల వేలిముద్ర లేకుండా నీళ్ల మీద తీర్మానం ఎలా చెల్లుతుంది? ఆడవాళ్లు సగం మంది లేని సభని సభగా లెక్కపెట్టకూడదని కలెక్టర్లు గట్టిగా నిలబడితే సగం పని అయినట్టే.

మన వాటా కూడా ఉంది. విశాఖలోనో, విజయనగరంలోనో నీళ్లు రాలేదని, రంగు మారి వచ్చాయని కార్పొరేషన్ వాళ్లని కడిగేస్తాం. మంచిదే. అలా ఫిర్యాదు రాసేటప్పుడు ఇంకో వాక్యం కలపండి: మా జలాశయానికి నీళ్లిచ్చే కొండల మీద ఏ ఏ లీజులున్నాయో మాకు చెప్పండి అని. మహిళా సంఘాలు, కాలనీ సంఘాలు సమాచార హక్కు కింద ఓ అర్జీ పెడితే పదిరూపాయలతో పోతుంది. ఆ జవాబు చదివాక గనుల వార్త వ్యాపారం పేజీలో వచ్చినా మనం ఆగి చదువుతాం. ఏ కొండ పేరు కనపడినా, అది మన కుళాయికి ఎగువన ఉందా అని చూస్తాం. అక్కడ కడవ పట్టుకుని నిలబడిన ఆవిడ ఒంటరిగా అడుగుతున్న ప్రశ్నని ఇక్కణ్ణించి మనమూ అడుగుతాం.